గేరు రాడ్డుకి తూకం



మూలన పడిన పాత కారు బాగుచేయించి వీధిలోకి తెస్తే జనం ముందు చూసేది రంగు. ఆ తరువాత బంపరు మీద క్రోము మెరుపు. కాస్త ఆసక్తి ఉన్నవాళ్ళు బానెట్ ఎత్తమంటారు, ఇంజను చప్పుడు విని తలాడిస్తారు. లోపల కూర్చుని, క్లచ్ తొక్కి, గేరు రాడ్డు అటూ ఇటూ కదిపి చూసేవాళ్ళు చాలా తక్కువ. నన్నడిగితే చూడవలసింది ముందు అదే. రంగు వేసినవాడి పనితనం రంగులో తెలుస్తుంది. విప్పిన ప్రతి ముక్కనీ మళ్ళీ దాని స్థానంలో సరిగ్గా కూర్చోబెట్టారా లేదా అన్నది గేరు రాడ్డులో తెలుస్తుంది. ఆ రాడ్డు కదలడానికి ఎంత బలం పడుతోంది, దాన్ని ఎలా కొలవాలి, కొలిచాక వచ్చిన అంకెని ఎలా చదువుకోవాలి, ఈ మూడు సంగతులూ ఇవాళ మీతో మాట్లాడతాను.

మాది రావికమతం. చోడవరం నుంచి వడ్డాది మీదుగా నర్సీపట్నం పోయే దారిలో ఉంటుంది. భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు అది, మా వైపు అందరూ బీఎన్ రోడ్డు అంటారు. నిన్నమొన్నటి దాకా విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజుల్లో ఈ రోడ్డు మీద ముందు ఎడ్లబండి, దాని ముందు ట్రాక్టరు, ఎదురుగా బస్సు. మూడో గేరులోంచి రెండులోకి, రెండులోంచి మళ్ళీ మూడులోకి, డ్రైవరు ఎడమ చేతికి విశ్రాంతి ఉండేది కాదు. గేరు బరువుగా ఉందంటే సాయంత్రానికి భుజం చెప్పేది.

ఆ రోజుల్లో కారంటే అంబాసిడరే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో నమూనాని తెచ్చుకుని, హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా పక్కన ఉత్తరపాడలో 1950ల చివర నుంచి తయారుచేశారు. 2014 మేలో ఆపేశారు. బొంబాయిలో తయారైన ఫియట్, అదే తరువాత ప్రీమియర్ పద్మిని అయింది, అది కూడా రోడ్ల మీద ఉండేది గానీ మా కొండదారుల్లో దాని సంఖ్య తక్కువ. ఈ రెండిట్లోనూ చాలా ఏళ్ళు గేరు రాడ్డు నేల మీంచి లేచేది కాదు, స్టీరింగు గొట్టం పక్కన ఎడమ చేతికి అందేలా ఉండేది. 1930ల చివర అమెరికాలో పుట్టిన అలవాటు అది. నేల మీద రాడ్డు లేకపోతే ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే బల్లలా వేయొచ్చు, ముగ్గురు కూర్చోవచ్చు. మనవాళ్ళు ముగ్గురితో ఆగలేదనుకోండి, అది వేరే సంగతి. పెళ్ళికి కట్టించుకున్న టాక్సీలో డ్రైవరు ఒక తొడ మీద కూర్చుని నడిపిన దృశ్యాలు మీకూ గుర్తుండే ఉంటాయి.

సీటు దగ్గర దొరికిన ఈ సుఖానికి ఖర్చు కింద పడింది. గేరు పెట్టె ఎక్కడో ఇంజను వెనక, కారు కింద. రాడ్డు ఇక్కడ స్టీరింగు దగ్గర. మధ్యలో స్టీరింగు గొట్టం వెంట దిగే ఒక ఇరుసు, దాని కింద చేతులు, లింకు రాడ్లు, బుష్షులు, పిన్నులు. మీ చెయ్యి తోసిన బలం ఇన్ని మలుపులు తిరిగి పెట్టెలో గేరుని జరిపే ఫోర్కుకి చేరాలి. ప్రతి కీలు దగ్గరా కొంత పోతుంది. నేల మీద రాడ్డు ఉన్న కారులో అది నేరుగా పెట్టె మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ఈ బాధ చాలా వరకు లేదు. స్టీరింగు గేరు కారుని బాగుచేసి పరీక్షించడం ఎక్కువ ఆసక్తికరంగా ఉండడానికి ఇదే కారణం. బరువుందంటే ఆ బరువు ఎక్కడ కూర్చుందో ఎవరికీ వెంటనే తెలీదు.

ఒక మిత్రుడి ఇంట్లో ఇలాంటి కారే బాగుపడింది. తండ్రిగారి కారు, పశువులశాలలో చాలా కాలం పడి ఉంది. ఇంజను విప్పారు, గేరు పెట్టె విప్పారు, పెయింటు కొత్తగా కొట్టించారు. చూడముచ్చటగా వచ్చింది. కానీ రెండో గేరు వేస్తే చెయ్యి కాదు, మనిషే వంగవలసి వస్తోంది. మెకానిక్ కుర్రాడు మంచివాడు, పని తెలిసినవాడు. "కొత్త బుష్షులు కదండీ మేస్టారూ, తిరగ్గా తిరగ్గా సెట్టయిపోద్ది" అన్నాడు. సెట్టయిపోద్ది అన్న మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఈ రోజు బలం ఎంతో రాసిపెట్టుకుంటేనే వచ్చే నెల అది తగ్గిందో లేదో తెలుస్తుంది. చేతి జ్ఞాపకం నమ్మదగ్గది కాదు. వారం రోజులు బరువైన గేరు వేస్తే చెయ్యి దానికి అలవాటుపడి, తేలికైందని మనకి కబురు చెబుతుంది. నేను స్ప్రింగు త్రాసు తీసుకుని వెళ్తే ఆ కుర్రాడు నవ్వాడు. "ఏటండీ మేస్టారూ, గేరుకి తూకమేటి, బెల్లం దిమ్మేటి?" అన్నాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి దగ్గరగా పెరిగినవాడు మరి.

స్ప్రింగు త్రాసు పనిచేసేది చాలా పాత సూత్రం మీద. స్ప్రింగు ఎంత సాగిందో దాన్నిబట్టి లాగిన బలం ఎంతో తెలుస్తుందని రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేశాడు. బరువు తూచడానికి మనం దాన్ని నిలువుగా వేలాడదీస్తాం. గేరు రాడ్డుని లాగేటప్పుడు మాత్రం అడ్డంగా పట్టుకోవాలి. ఇక్కడే మొదటి జాగ్రత్త. నిలువుగా వేలాడుతున్నప్పుడు కింది కొక్కెం బరువు, స్ప్రింగు బరువు కలుపుకునే సున్నా కుదిర్చి ఉంటారు. అడ్డంగా తిప్పగానే ఆ బరువు లాగడం మానేస్తుంది, ముల్లు సున్నాకి కాస్త కిందికి పోతుంది. దాన్ని మళ్ళీ సున్నా దగ్గరికి తెచ్చుకోకపోతే ప్రతి కొలతా తక్కువే చూపిస్తుంది.

త్రాసు కిలోలు చూపిస్తుంది, ఇంజనీర్లు న్యూటన్లలో మాట్లాడతారు. కిలోని 9.8తో గుణిస్తే న్యూటన్లు. అయిదు కిలోలు లాగితే 49 న్యూటన్లు. ఇంట్లో పనికి కిలోలే చాలు, రోజుకోటి మార్చకుండా ఒకటే వాడితే చాలు.

కొక్కేన్ని రాడ్డు చివరి గుండుకి, సరిగ్గా నడి మధ్యన తాడుతో కట్టాలి. రెండంగుళాలు కిందికి కడితే లెక్కంతా మారిపోతుంది. గుండు నుంచి ఇరుసు దాకా 30 సెంటీమీటర్లు, ఇరుసు కింద ఉన్న చిన్న చెయ్యి 5 సెంటీమీటర్లు అనుకుందాం. పైన నాలుగు కిలోల బలంతో తోస్తే కింద ఇరవైనాలుగు కిలోలు పనిచేస్తుంది. ఎవరో అందం కోసం రాడ్డుని కోసి 24 సెంటీమీటర్లు చేశారనుకోండి. కింద అవే ఇరవైనాలుగు కిలోలు కావాలంటే పైన అయిదు కిలోలు తొయ్యాలి. పెట్టెలో ఏమీ మారకుండానే గేరు నాలుగో వంతు బరువెక్కిపోయింది. సంతలో దొరికే రంగురంగుల పొట్టి రాడ్లు బిగించేవాళ్ళు ఈ లెక్క ముందు చేసుకోవాలి. ఇదే లెక్క వెనక్కి కూడా తిరుగుతుంది. కింది పిన్ను దగ్గర రెండు మిల్లీమీటర్ల ఆట ఉంటే పైన గుండు దగ్గర పన్నెండు మిల్లీమీటర్లు ఊగుతుంది. రాడ్డు వదులుగా ఊగుతోంది అని మనం పైన తిట్టుకునేది కింద అరిగిన ఒక్క చిన్న బుష్షుని.

లాగే దిశ రెండో జాగ్రత్త. గుండు వంపుగా తిరుగుతుంది గానీ సూటిగా పోదు. తాడు ఎప్పుడూ రాడ్డుకి లంబంగా ఉండాలి. ముప్ఫై డిగ్రీలు పక్కకి పోతే మీరు లాగిన దాంట్లో పదమూడు శాతం వృథా, త్రాసు మాత్రం దాన్ని కూడా కలిపి చూపిస్తుంది. ఒకరు సీట్లో కూర్చుని క్లచ్ పూర్తిగా తొక్కిపట్టాలి, ఒకరు లాగాలి, ఒకరు అంకె చూసి చెప్పాలి. ఎలక్ట్రానిక్ హుక్కు త్రాసులు చవగ్గా దొరుకుతున్నాయి గానీ వాటిలో చాలా వరకు అంకె నిలకడగా ఉంటేనే చూపిస్తాయి. గేరు బలం క్షణంలో ఎక్కి క్షణంలో దిగిపోతుంది, ఆ శిఖరం వాటికి దొరకదు. గరిష్ఠ బలాన్ని పట్టి ఉంచే ఫోర్స్ గేజ్ ఉంటే మంచిది. లేకపోతే ముల్లున్న పాత త్రాసూ, చురుకైన కళ్ళున్న పిల్లవాడూ చాలు.

మొదటి కొలత ఇంజను ఆపి, కారు నిలిపి ఉంచి. కొన్నిసార్లు గేరు అసలు పడదు. రాడ్డు గట్టిగా అడ్డుకుంటుంది, త్రాసు ముల్లు చివరిదాకా పోతుంది. కంగారుపడకండి. లోపల పళ్ళు పళ్ళకి ఎదురెదురుగా నిలబడ్డాయన్నమాట. కారుని అరచేత్తో ముందుకో వెనక్కో జరిపితే దారి దొరుకుతుంది. ఆ కొలతని లెక్కలోకి తీసుకోకూడదు. వెనక చక్రాలు జాకీ మీద లేపి, ముందు చక్రాలకి అడ్డు పెట్టి, ఒకరు చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే ఇంకా శుభ్రంగా వస్తుంది.

గేరు వేయడంలో రెండు కదలికలున్నాయి. న్యూట్రల్లో అడ్డంగా జరిపి ఏ వరస కావాలో ఎంచుకోవడం ఒకటి. ఆ వరసలో పైకో కిందికో తొయ్యడం రెండోది. స్టీరింగు గేరులో రాడ్డుని మీ వైపు లాక్కోవడం, అటు నెట్టడం ఎంపిక. పైకీ కిందికీ కదపడం వేయడం. ఈ రెండిట్నీ విడివిడిగా కొలవాలి. ఎంపిక బరువుగా ఉండి, వేయడం తేలికగా ఉంటే తప్పు దాదాపుగా స్టీరింగు గొట్టం దగ్గరే ఉంటుంది, అక్కడి స్ప్రింగులోనో, ఇరుసు జారే బుష్షులోనో. రెండూ బరువుగా ఉంటే ఇరుసే వంగిందేమో చూడాలి. ఎంపిక తేలిక, వేయడం బరువు అయితే లింకు రాడ్లయినా కావచ్చు, పెట్టె లోపలైనా కావచ్చు. ఇంత ముందుకు వచ్చాక కూడా మనకి తెలిసింది సగమే.

మిగతా సగానికి ఒక పని చెయ్యాలి, దాన్ని సాధారణంగా ఎవరూ చెయ్యరు. పెట్టె దగ్గర లింకు రాడ్డుని పట్టి ఉంచే స్ప్లిట్ పిన్ను తీసి, రాడ్డుని విడదీయాలి. ఇప్పుడు పైన గుండుని కదిపితే పెట్టెకి ఏ సంబంధమూ లేదు, త్రాసు చూపేదంతా దారిఖర్చే. తరువాత కారు కింద దూరి, పెట్టె మీది చేతికే త్రాసు తగిలించి లాగితే అది పెట్టె సొంత బరువు. ఇందాక చెప్పిన చేతుల పొడవు లెక్కతో దాన్ని భాగించి చూసుకోవాలి. మొత్తం ఒక్క అంకెగా ఉన్నది ఇలా రెండుగా విడిపోతుంది. మా మిత్రుడి కారులో అలా విడదీసి చూస్తే సగానికి పైగా బలం పెట్టెకి చేరకముందే ఖర్చయిపోతోంది. పెట్టె అమాయకురాలు. లోపలి సింక్రో రింగులు (వాటి సంగతి తరువాత చెబుతాను) మార్చడానికి మళ్ళీ విప్పబోయారు కూడా.

బాగుచేసిన కారులో ఈ దారిఖర్చు ఎందుకు పెరుగుతుంది? బాగుచేయడం వల్లే. పాత ముక్కలన్నీ విప్పి, తుప్పు గీకి, పౌడర్ కోటింగు వేయిస్తారు. ఆ పొర పిన్ను రంధ్రం లోపలికీ పాకుతుంది. పిన్నుని సుత్తితో కొట్టి దింపుతారు. పడింది కదా అంటారు, కానీ అది కీలు కావలసింది, మేకైపోయింది. ఇంజను కింద రబ్బరు మౌంటులు కొత్తవి వేస్తారు, పాతవి అణిగిపోయి ఉంటాయి కాబట్టి ఇంజనూ గేరు పెట్టే కొంత పైకి లేస్తాయి. ఇరవై ఏళ్ళుగా దిగిపోయిన పెట్టెకి సరిపోయేలా ఎవరో మధ్యలో వంచిపెట్టిన లింకు రాడ్డు ఇప్పుడు కోణం తప్పుతుంది. స్టీరింగు గొట్టాన్ని డ్యాష్‌బోర్డు కింద పట్టి ఉంచే బ్రాకెట్టు రెండు బోల్టులూ ఒకేలా బిగించకపోతే గొట్టం ఒక పక్కకి మెలిపడుతుంది, లోపలి ఇరుసు గోడకి రాసుకుంటుంది. ఆ బోల్టులు వదులు చేసి, రాడ్డుని అటూ ఇటూ కదిపి, గొట్టం తనంతట తాను కుదురుకున్నాక మళ్ళీ బిగిస్తే చాలా కార్లలో తేడా చేతికే తెలుస్తుంది. ఖర్చు పైసా లేదు. మా మిత్రుడి కారులో కూడా ఈ బ్రాకెట్టూ, పౌడర్ కోటింగు నిండిన ఒక రంధ్రమూ కలిసి చేసిన నిర్వాకమే.

ఇంక పెట్టె లోపలి బరువు సంగతి. అది చాలా అందమైన యంత్రం, దాని గురించి చెప్పకుండా ముందుకు పోలేను.

పాత పెట్టెల్లో గేరు చక్రాలు ఒకదాని పళ్ళలోకి ఒకటి నేరుగా జరిగేవి. ఫ్రాన్సులో లెవసార్ 1890ల మొదట్లో ఇలాంటి పెట్టెని కారులో పెట్టాడు, అది మొరటు పద్ధతే గానీ పనిచేస్తుందని తానే ఒప్పుకున్నాడంటారు. వేగాలు కలవకుండా తోస్తే కర్రుమంటుంది. మన హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే ఆ కాలం కారు బాగుచేసి పెట్టింది చూడొచ్చు, 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొనమన్నాడు, 1911లో ఆయన పోయాడు, కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్ కాలానికి వచ్చింది. నిజాం కూర్చునే చోట సింహాసనం లాంటి ఆసనం ఉంటుంది, చూసేవాళ్ళంతా అక్కడే నిలబడతారు. నా కళ్ళు మాత్రం డ్రైవరు కుడిపక్కకి పోతాయి. ఆ కాలం సిల్వర్ గోస్ట్‌లలో గేరు రాడ్డు కుడి చేతికి, బయటి అంచున ఉండేది. మూడే గేర్లు. గేర్లు తక్కువైతే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వేగాల తేడా ఎక్కువ, కలపడం అంత కష్టం. 1912లో ఆల్ప్స్ కొండల పోటీలో ఈ రకం కారొకటి కాట్ష్‌బర్గ్ కనుమ ఎక్కలేక ఆగిపోయాక, 1913లో కంపెనీ నాలుగు గేర్ల పెట్టెకి మారింది. అలాంటి పెట్టెలో గేరు వేయడానికి చేతి బలం దాదాపు అక్కర్లేదు, చెవి కావాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్లోకి తెచ్చి, వదిలి, కింది గేరుకైతే కాస్త ఆక్సిలరేటరు ఇచ్చి, మళ్ళీ తొక్కి వేయాలి. డబుల్ క్లచ్ అని మన లారీ డ్రైవర్లందరికీ తెలిసిన విద్యే. సమయం కుదిరితే రాడ్డు వేలితో పడుతుంది. అలాంటి కారులో త్రాసు పెద్ద అంకె చూపిస్తే అది యంత్రం బరువు కాదు, నడిపేవాడి తొందర.

1928లో అమెరికాలో క్యాడిలాక్ కారులో సింక్రోమెష్ వచ్చింది, ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు రూపకల్పన. పళ్ళు కలిసేముందు ఒక కంచు రింగు, లోపల శంకువు ఆకారంలో మలిచింది, వెళ్ళి గేరు మీది శంకువుని ఒరుసుకుంటుంది. ఒరుసుకుని రెంటి వేగాన్నీ ఒకటి చేస్తుంది. అయ్యేదాకా పళ్ళకి దారి ఇవ్వదు. శంకువు వాలు సాధారణంగా ఆరేడు డిగ్రీలు. ఇంకా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది గానీ రింగు అతుక్కుపోయి ఊడి రాదు. ఎక్కువైతే పట్టు చాలక చెయ్యి గట్టిగా తొయ్యాలి. మన అంబాసిడర్ పాత పెట్టెల్లో రెండు, మూడు, నాలుగు గేర్లకే ఈ సదుపాయం. ఒకటో గేరుకి లేదు, కారు పూర్తిగా ఆగాకే వేయాలి. కొన్న కొత్తలో ఇది తెలియక ఒకటో గేరు పాడైందని పెట్టె దించేసినవాళ్ళున్నారు.

సింక్రో ఉన్న పెట్టెలో ఒక లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. వేగాలు కలపడానికి కావలసింది ఉత్త బలం కాదు, బలాన్ని ఎంతసేపు పట్టి ఉంచామో దానితో గుణించినది. అది ఇంచుమించు మారదు. నాలుగు కిలోల బలంతో అర సెకనులో పడే గేరు, రెండు కిలోలతో ఒక సెకనులో పడుతుంది. ఎనిమిది కిలోలతో నెడితే పావు సెకను. అనుభవమున్న డ్రైవరు గేరు మధ్యలో ఒక్క క్షణం ఆగినట్టు కనిపిస్తాడే, అతను ఆగలేదు, రింగుకి దాని సమయం ఇస్తున్నాడు. అందుకని నడుస్తున్న కారులో బలం కొలిచామంటే ఎంత వేగంగా వేశామో కూడా పక్కన రాయాలి. లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

రాడ్డు ప్రయాణం పొడవునా బలం ఎలా ఎక్కిందో, ఎలా దిగిందో గీత గీస్తే గేరు పెట్టె చరిత్ర అంతా కనిపిస్తుంది. ముందు ఒక చిన్న ఎత్తు, న్యూట్రల్లో కూర్చున్న డిటెంట్ బాల్ స్ప్రింగుని నొక్కుకుంటూ గాడి దాటుతోంది. తరువాత పెద్ద ఎత్తు, రింగు ఒరుసుకుంటోంది. దిగుతుంది. వెంటనే ఇంకో ఎత్తు, పళ్ళు పళ్ళ మధ్యకి దూరుతున్నాయి. ఆ తరువాత రాడ్డుని ఎవరో లోపల్నుంచి లాక్కున్నట్టు పోయి కూర్చుంటుంది. ఆ చివరి ఎత్తు పెద్ద ఎత్తుతో సమానంగా పెరిగిపోతే పళ్ళ అంచులు మొద్దుబారాయని అనుమానించాలి. పెద్ద ఎత్తు అసలు లేకుండా కర్రుమంటూ పడితే రింగు అరిగిపోయింది. కంపెనీల పరీక్షశాలల్లో ఈ గీతని సెన్సార్లతో కంప్యూటర్లో గీస్తారు. షెడ్డులో మనం త్రాసుని మెల్లగా లాగుతూ, సగం సెంటీమీటరుకొకసారి అంకె రాసుకుంటే నిలిచున్న కారుకి సంబంధించిన భాగం వస్తుంది. రింగు కథ నడిస్తేనే గానీ రాదు.

మూడులోంచి రెండుకి దిగేటప్పుడు బలం ఎక్కువ పడడం సహజం. పైకి వెళ్ళేటప్పుడు లోపలి ఇరుసు వేగం తగ్గాలి, నూనె ఒరిపిడి కూడా సాయపడుతుంది. కిందికి దిగేటప్పుడు క్లచ్ ప్లేటుతో సహా ఆ ఇరుసు వేగాన్ని రింగే పెంచాలి, నూనె ఎదురు లాగుతుంది. కాబట్టి రెండో గేరు కొలత చూసి భయపడి పెట్టె విప్పించకండి. అన్ని గేర్లూ ఒకేలా బరువుగా ఉంటే మాత్రం క్లచ్ వైపు చూడాలి. ఇంజను నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు క్షణాలు ఆగి రివర్సు వేయండి. అప్పటికీ కర్రుమంటే క్లచ్ ప్లేటు పూర్తిగా విడిపోవడం లేదు. అలాంటప్పుడు రింగుకి ఇంజనునే ఆపే పని పడుతుంది, అది దాని తరం కాదు.

నూనె సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గేరు నూనె కదా అని వెనక యాక్సిల్లో పోసే ఘాటైన నూనెనే పెట్టెలోనూ పోసేవాళ్ళున్నారు. జీఎల్-5 రకం నూనెల్లో కొన్నిటిలోని గంధకపు మందులు రాగి కలిసిన లోహాలని తినేస్తాయి, కంచు రింగులు ఆ కోవకే వస్తాయి. కారుతో పాటు వచ్చిన పుస్తకంలో ఏది రాస్తే అదే పొయ్యాలి. చిక్కదనం కూడా తూకంలో కనిపిస్తుంది. మా రావికమతం నుంచి నర్సీపట్నం దాటి ఘాటీ ఎక్కితే చింతపల్లి మండలంలో లంబసింగి. చలికాలం తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పోతుంది. రాత్రి అక్కడ నిలిపిన కారులో పొద్దున్న మొదటి గేర్లు వేసి చూడండి, అదే కారుని మే నెల మధ్యాహ్నం అనకాపల్లిలో వేసి చూడండి. రెండూ ఒకే కారని నమ్మబుద్ధి కాదు. అందుకే కొలత పక్కన రోజు, వేళ, కారు ఎంతసేపు తిరిగాక కొలిచాం అన్నది ఉండాలి. పది పదిహేను కిలోమీటర్లు తిప్పి, పెట్టె వేడెక్కాక తీసిన కొలత ఒకటి, తెల్లవారి చల్లటి పెట్టెతో తీసిన కొలత ఒకటి.

ఎంత ఉంటే సరి అని అడుగుతారు. బ్రేకు పెడలుకయితే అంతర్జాతీయ నిబంధనల్లో లెక్క ఉంది, కారు బ్రేకు పరీక్షలో పెడలు మీద 500 న్యూటన్లకి మించి, అంటే సుమారు యాభై ఒక్క కిలోలకి మించి తొక్కకూడదు. గేరు రాడ్డుకి అలాంటి గీత గీయలేదు. 2021లో మన కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది, తిరిగి చేయించుకోవడానికి 5,000. రోజువారీ తిరుగుళ్ళకీ బాడుగకీ వాడకూడదు. గేరు ఎంత బలానికి పడాలో ఆ నిబంధనా అడగదు. కాబట్టి పోల్చుకోవలసింది అదే నమూనా కారు ఇంకోటి, బాగా నడుస్తున్నది. ఉత్పత్తి ఆగిన కారుకి విడిభాగాలు ఎలాగూ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతుక్కోవాలి. వెళ్ళినప్పుడు త్రాసు సంచిలో వేసుకుని వెళ్ళండి. అక్కడ ఇంకా తిరుగుతున్న పాత కారు కనిపిస్తే యజమానిని అడిగి లాగి చూడొచ్చు. నవ్వుతాడు, ఒప్పుకుంటాడు.

తక్కువ అంకె వస్తే గెలిచాం అనుకోకూడదు. మారుతి 800 వచ్చిన 1983 తరువాత పుట్టినవాళ్ళ చేతులకి తేలిక గేరే గేరు. పాత కారునీ అలా చెయ్యమంటారు. గేరుని గాడిలో పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగులు కత్తిరించి తేలిక చేసే మహానుభావులున్నారు. అప్పుడు రాడ్డు నిజంగానే వెన్నలా కదులుతుంది. బీఎన్ రోడ్డు గుంతలో చక్రం దిగగానే గేరు కూడా ఊడి న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. ఘాటీ దిగుతున్నప్పుడు అలా జరిగితే ఇంజను పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి వేయడానికి పట్టే బలంతో పాటు తియ్యడానికి పట్టే బలం కూడా కొలవండి. గేరులో ఉన్న రాడ్డుని న్యూట్రల్లోకి లాగుతూ, అది మొదట కదిలిన క్షణంలో అంకె చూడాలి. బాగుచేయకముందు కన్నా అది బాగా పడిపోయిందంటే స్ప్రింగుని తాకారన్నమాట. నా లెక్కలో పాత కారుని పాత కారులాగే నిలబెట్టాలి. దారిఖర్చు తగ్గించడం మన పని, పెట్టె సొంత బరువుని దొంగిలించడం కాదు.

బలం ఎంత ఉన్నా నడపబోయే మనిషిని బట్టి కూడా చూడాలి. డెబ్బై ఏళ్ళ పెద్దాయనా, ఇరవై ఏళ్ళ అమ్మాయీ సీట్లో ఒకేలా కూర్చోరు. సీటు ఒక అంగుళం ముందుకి జరిపితే మోచెయ్యి వంగే కోణం మారి, అదే ఆరు కిలోలు తేలికగా అనిపిస్తాయి. త్రాసుకి ఈ తేడా తెలీదు.

ఇంక మిగిలింది రివర్సు. అది మిగతావాటి కన్నా బరువుగానే ఉంటుంది, ఉండాలి. పొరపాటున చెయ్యి అటు పోకుండా అడ్డంగా ఒక స్ప్రింగు పెడతారు, దాన్ని నెట్టుకుని వెళ్తేనే దారి. పైగా చాలా పాత పెట్టెల్లో రివర్సుకి సింక్రో లేదు. ఒకటో గేరుకీ రివర్సుకీ ఎంపిక బలంలో స్పష్టమైన తేడా మీ త్రాసు మీద కనిపించాలి. కనిపించకపోతే, ఎంత తేలికగా ఉన్నా సరే, ఆ కారుని షెడ్డులోంచి బయటికి తీయకండి. ముందు ఆ స్ప్రింగు వెతికించండి.